మూట కట్టిన బొమ్మలు

ఆ సోమవారం పొద్దున షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: కుట్టు మిషన్ల విడిభాగాలమ్మే దుకాణం ఒకటి, మిషను చప్పుడు విని జబ్బు చెప్పగల మేస్త్రీ ఒకడు, ఆ మేస్త్రీ రిపేరు బల్ల దగ్గర పదకొండు నెలలు కూర్చుని గీసిన బొమ్మలు నాలుగు వందల పదకొండు, వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి ఒక ప్రోగ్రాముగా తయారుచేసిన కోడలు. కోడలిని ఆస్తి పద్దులో వేసుకోవచ్చా అని ఆయన భార్యనడిగితే, "వేసుకోండి. ఆ పిల్ల మిమ్మల్ని మొండి బాకీ కింద రాసుకుంటుంది" అంది.

ప్రోగ్రాము సంగతి ఇది. తెర మీద మిషను బొమ్మ వస్తుంది. దాని మీద ఏ భాగాన్ని నొక్కితే ఆ భాగం విడిగా, పెద్దదిగా కనిపిస్తుంది. పక్కన దాని పేరు, నంబరు, బిగించే పద్ధతి ఉంటాయి. కుట్టుపని నేర్పే కేంద్రంలో ఇరవై కంప్యూటర్లు, నలభై మిషన్లు ఉన్నాయి. అక్కడ నేర్చుకున్నవాళ్ళు రేపు సొంతంగా మిషను పెట్టుకుంటారు. మిషనన్నాక చెడుతుంది. చెడినప్పుడు కళ్ళలో ఏ నంబరు మెదిలితే ఆ నంబరే అడుగుతారు, అది దొరికే దుకాణానికే వస్తారు. కేంద్రం సరేనంటే దుకాణం నిలుస్తుంది. కాదంటే, జనం గుడ్డ కొని కుట్టించుకోవడం మానేసి కుట్టినవే కొనుక్కునే ఈ రోజుల్లో, పొద్దల్లా ఈగలు తోలుకుని సాయంత్రం షట్టరు దించుకోవాలి. షావుకారు లెక్క అంత తేటగా ఉంది.

పది గంటలకు మామా కోడలూ కేంద్రానికి వెళ్ళారు. మెడలో కొలతల టేపు వేసుకున్న టీచరమ్మ వాళ్ళను కంప్యూటర్ల గదిలోకి తీసుకెళ్ళింది. నేర్చుకునే ఆడవాళ్ళు పదిమంది వెనక నిలబడ్డారు. కోడలు ప్రోగ్రాము పెట్టి తెరిచింది. భాగాల పేర్లు వచ్చాయి, నంబర్లు వచ్చాయి. బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి గడి, దాని మూల చిన్న ఇంటూ గుర్తు. ఇంకోటి నొక్కితే ఇంకో తెల్ల గడి.

"బొమ్మల పుస్తకం అన్నారు. బొమ్మల్లేవే?" అంది టీచరమ్మ.

"మా ఇంట్లో అన్నీ కనిపించాయండీ," అన్నాడు షావుకారు.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నమాట."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు కింద పెదవి కొరుక్కుంది. ఆ కొరకడం చూడగానే షావుకారుకు తప్పు ఎవరిదో తెలిసిపోయింది, ఇక ఆ పిల్లను ఏమీ అనకూడదని కూడా తెలిసిపోయింది.

టీచరమ్మ టేపు చివర వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "శుక్రవారం మధ్యాహ్నం మా కమిటీ ఉంది. ఆ పొద్దున బొమ్మలు కనిపిస్తే సరి. లేకపోతే గోడకు తగిలించుకునే చార్టులు కొనుక్కుంటాం. వాటికి కరెంటు కూడా అక్కర్లేదు."

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కోడలు కాఫీ తాగుతూ చెప్పింది.

"నేను ప్రోగ్రాములో బొమ్మ పెట్టలేదు మావయ్యా. బొమ్మ ఎక్కడుందో ఆ అడ్రసు రాశాను. ఆ అడ్రసు నా కంప్యూటరులోది. అక్కడి కంప్యూటరు ఆ అడ్రసు పట్టుకుని పోతే అక్కడ ఇల్లే లేదు."

"అంటే కొనేవాడి చేతికి సరుకివ్వకుండా, గోడౌనుకు దారి చెప్పి పంపావన్నమాట."

"అదీ మన గోడౌనుకి. వాళ్ళ ఊళ్ళో లేనిదానికి."

"మరి ఇంట్లో ఎలా కనిపించాయి?"

"ఇంట్లో గోడౌను ఉందిగా."

షావుకారుకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఇలాంటి తప్పులు ఆయన చాలా చేశాడు. తూకం సరిగ్గా ఉందో లేదో తన దుకాణంలో తన కాటా మీదే చూసుకునేవాడు ప్రతివాడూ ఇదే చేస్తాడు.

ఆ రోజూ మర్నాడూ సాయంత్రం పూట ఇద్దరూ కూర్చున్నారు. ఆయన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మరలను సైజువారీగా ఏరుతూ నంబర్లు చదివాడు. ఆమె ఒక్కో బొమ్మనూ ప్రోగ్రాములోనే కలిపేసే జాబితాలోకి చేర్చింది. అన్నీ అయ్యాక ఒకే ఒక్క ఫైలు తయారైంది. అప్పుడు ఆమె తన కంప్యూటరులో బొమ్మలున్న ఫోల్డరు పేరు మార్చేసింది.

"ఎందుకమ్మా?"

"మన గోడౌను కూడా ఖాళీ చేశాను. ఇప్పుడు కనిపిస్తే నిజంగా కనిపించినట్టు."

ప్రోగ్రాము తెరుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంది. "మూట విప్పుకుంటోంది, ఓపిక పట్టండి," అంది కోడలు. బొమ్మలు వచ్చాయి. ఈసారి నంబర్ల గడులు ఖాళీగా ఉన్నాయి. భాగాల పట్టిక ఇంకో ఫైలులో ఉంది, సోమవారం దాన్ని విడిగా తీసుకెళ్ళారు గానీ ఈసారి మూటలో కలపలేదు. "సామాన్లన్నీ బండెక్కించి చంటిదాన్ని అరుగు మీద వదిలేశాం," అని ఆమె దాన్నీ లోపల కలిపింది. ఈసారి అన్నీ వచ్చాయి.

షావుకారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇందులోంచి ఎవరైనా ఒక బొమ్మ బయటికి తీసుకోగలరా?"

"తేలిగ్గా తీసుకోలేరు."

"మార్చగలరా?"

"మార్చాలంటే నేనే మళ్ళీ మొత్తం కట్టాలి."

"భేష్," అన్నాడాయన. బొమ్మలు కనిపించడం ఒక లాభం, తాళం పడటం ఇంకో లాభం. పక్క వీధి దుకాణంవాడు ఎత్తుకుపోతాడన్న బెంగ తీరింది.

బుధవారం దుకాణంలో ఆ మాటే మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ కింది దారం కండె కూర్చునే బాబిన్ కేసు లోపలి పీచు చిమటాతో లాగుతున్నాడు. లాగిన పీచును బల్ల అంచుకు తుడిచాడు.

"మరి నేనేదైనా దిద్దుకోవాలంటేనండీ?"

"దిద్దడానికేముంది? నీ గీత బ్రహ్మ గీత."

"బ్రహ్మ గీతలు చూశాంగా, సగం వంకరే. ఒకసారి అన్నీ వరసగా చూపిస్తారా?"

"టైమేదీ? శుక్రవారం చూపించాలి. అదలా ఉంచు, చోట్లు నాలుగు వందల పన్నెండు, బొమ్మలు నాలుగు వందల పదకొండే ఉన్నాయి."

"ఫ్యాక్టరీ మిషను సూది ఒక్కటి మిగిలింది. శనివారం ఒక దర్జీ దగ్గరికి రిపేరుకు వెళ్తున్నాగా, ఆయనది ఫ్యాక్టరీ మిషనే, దాని ముందు కూర్చుని గీసుకొస్తాను."

"నీకు తెలియని సూదా? ఇక్కడే గీసెయ్యి."

"చూడకుండా గీస్తే చెయ్యి అబద్ధమాడుతుందండీ," అని మేస్త్రీ మళ్ళీ చిమటా పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం షావుకారు కోడలి దగ్గర కూర్చుని చెప్పాడు: "ఇంటి మిషను సూది బొమ్మ ఎనభై ఏడో నంబరు ఉందిగా. దాన్నే అక్కడా పెట్టెయ్."

"మేస్త్రీగారిని అడిగారా?"

"సూది సూదేనమ్మా."

"ప్రతి బొమ్మ మీదా ఆయన గుర్తుంటుంది కదా." బొమ్మ కింద మూల మేస్త్రీ వేలిగోరంత నూనె డబ్బా గీస్తాడు. సంతకం బదులు అదే.

"ఉంటే ఉంది. ఖాళీ గడి చూపించి మళ్ళీ పిల్లి అనిపించుకోమంటావా?"

కోడలు అలాగే పెట్టింది. మౌసు మాత్రం అవసరానికి మించి గట్టిగా నొక్కింది.

శుక్రవారం ఆమెకు ఆఫీసులో సెలవు దొరకలేదు. షావుకారు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇరవై కంప్యూటర్లలోనూ ఫైలు పెట్టారు. ఇరవైలోనూ బొమ్మలు వచ్చాయి. టీచరమ్మ కావాలనే మూల ఉన్న పాత కంప్యూటరు దగ్గరికి పోయి తెరిచింది. అది కాస్త మూలిగింది గానీ చూపించింది.

"పులే," అంది. షావుకారు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

తర్వాత ఆమె నేర్చుకునేవాళ్ళను మిషన్ల దగ్గరికి పంపింది. బొమ్మ చూసి అందరూ సూది బిగించి దారం ఎక్కించాలి. ఇంటి మిషన్ల వరసలో అందరూ కుట్టేశారు. ఫ్యాక్టరీ మిషన్ల వరసలో మోటారు రొద వచ్చింది, గుడ్డ కదిలింది, కుట్టు మాత్రం పడలేదు. ఒకామె దారం తెగింది. ఇంకొకామె దారం కింద పక్షిగూడులా చుట్టుకుంది. నల్ల గాజుల ఆవిడ మళ్ళీ లేచి వెళ్ళి తెర చూసొచ్చి, "అలాగే చేశాను టీచరమ్మా, బాణం గుర్తు కుడి నుంచి ఎడమకే ఉంది" అంది.

మేస్త్రీ ఆ మిషను దగ్గరికి నడిచాడు. మర వదులు చేసి సూదిని బయటికి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఇంటి మిషను సూది తల ఒకవైపు చదునుగా ఉంటుంది, తప్పుగా పెట్టబోతే దూరదు. ఫ్యాక్టరీ మిషను సూది తల గుండ్రం. ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, అందుకే బొమ్మ కావాలి. ఆయన సూదిని సగం చుట్టు తిప్పి, పొడుగు గాడి ఎడమకు వచ్చేలా బిగించి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించాడు. పేలిక మీద జానెడు కుట్టు చీమల బారులా పడింది.

"ఈ బొమ్మ గీసినవాళ్ళు ఎప్పుడైనా మిషను ముందు కూర్చున్నారా?" అని టీచరమ్మ అడిగింది.

షావుకారు ఆ ఒక్క క్షణంలో లెక్క వేశాడు. నేనే అక్కడిది ఇక్కడ పెట్టించానంటే అన్ని బొమ్మల మీదా అనుమానం పడుతుంది. ముసలి చేతి పొరపాటంటే ఒక్కదానితో పోతుంది.

"పెద్దతనం కదండీ," అన్నాడు. "మేస్త్రీ చూపు ఈమధ్య కాస్త తగ్గింది."

మేస్త్రీ తెర దగ్గరికి వెళ్ళి వంగాడు. బొమ్మను చూశాడు, కింద మూలనున్న నూనె డబ్బాను చూశాడు. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. ఆ గదిలో అందరికీ కనపడేంత నిదానంగా తుడుచుకున్నాడు.

"సరే, ఇప్పుడే దిద్దండి," అంది టీచరమ్మ.

షావుకారు కోడలికి ఫోను చేశాడు. "అది లోపల కలిసిపోయింది మావయ్యా. ఇంటికొచ్చి మళ్ళీ మొత్తం కట్టాలి. మళ్ళీ ఇరవై కంప్యూటర్లలోనూ పెట్టాలి," అందామె. ఫోనులో మాట బయటికి బాగానే వినిపించింది.

"ఒక్క బాణం తిప్పడానికి ఇంత తతంగమా? రేపు ఇంకో తప్పు దొరికితే? తప్పని తెలిసీ మా వాళ్ళు దాన్నే చూస్తూ మీ కోసం కూర్చోవాలా?" టీచరమ్మ గొంతు పెంచలేదు. "కమిటీకి ఇవాళ ఏమీ చెప్పను. సోమవారం రండి. గీసినాయనకు చూపు తగ్గిందన్నారు కాబట్టి, మిగతా నాలుగు వందలూ ఎవరు సరిచూశారో అదీ చెప్పండి."

ఒక్కదానితో పోతుందనుకున్న అనుమానం నాలుగు వందలకూ పాకింది. షావుకారు వేసిన లెక్కల్లో ఇంత తొందరగా తప్పిన లెక్క లేదు.

బస్సు కోసం నిలబడ్డారు. రెండు బస్సులు నిండుగా వెళ్ళిపోయాయి.

"నా చూపుకేం రాలేదండీ," అన్నాడు మేస్త్రీ.

"తెలుసు."

"తెలుసనే అడుగుతున్నా. ఆ నూనె డబ్బా అన్ని బొమ్మల్లోంచీ తీసేయించండి. బొమ్మలు మీరు జీతమిచ్చి గీయించుకున్నారు, అవి మీవి. గుర్తు నాది."

"ఒక్క సూది కోసం..."

"సూది కోసం కాదు," అని మేస్త్రీ మూడో బస్సు ఎక్కి వెనక నిలబడ్డాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

ఇంట్లో కోడలు అంతా విని చెప్పింది: "మూలలు చెరపడం గంట పని. కానీ నేను చెయ్యను మావయ్యా. ఎలాగో చూపిస్తాను, మీరే చెరపండి."

చూపించి లేచి వెళ్ళిపోయింది. షావుకారు కళ్ళజోడు తుడుచుకుని మొదటి బొమ్మ తెరిచాడు. ఏది చెరపాలో తెలియాలంటే పెద్దది చేసి చూడాలి. నూనె డబ్బా ముక్కు కుడివైపు పైకి వంగి ఉంది. రెండో బొమ్మలో అదే డబ్బా ఎడమకు వంగి ఉంది. మూడోదాంట్లో నిటారుగా నిలబడి ఉంది, మూత బిగించి. చెయ్యి కుదరక ఒక్కోసారి ఒక్కోలా గీశాడనుకున్నాడు. ఆరో బొమ్మలో ముక్కు కొస నుంచి సన్నటి చుక్క కారుతోంది. ఆ చుక్క ఎటు పోతుందా అని వేలితో తెర మీద గీత పట్టుకుని పోతే, అది ఇరుసు చివరున్న చిన్న రంధ్రం దగ్గర ఆగింది. మిషనుకు నూనె వెయ్యాల్సిన రంధ్రం అది.

వెనక్కి వెళ్ళి మొదటిది చూశాడు, ముక్కు వంగిన వైపే నూనె రంధ్రం ఉంది. రెండోది చూశాడు. మూత బిగించి ఉన్నవన్నీ నూనె తగలకూడని భాగాలు, దారం నడిచే చోట్లు. అలా అరవై బొమ్మలు చూశాడు. ప్రతి స్ప్రింగుకూ చుట్లు లెక్కగా ఉన్నాయి. ప్రతి మరకూ అరిగే వైపు గీత సన్నగా ఉంది. పదకొండు నెలలు మూడడుగుల దూరంలో ఆ మనిషి గీస్తుంటే ఈయన గల్లా దగ్గర కూర్చుని ఎన్నయ్యాయని మాత్రమే అడిగాడు.

"ఏంటి, కళ్ళు తెర మీద పెట్టేశారు. అద్దాలు మార్పించుకోకూడదూ?" అంది భార్య గదిలోకొచ్చి.

"మార్పించుకోవాలి," అన్నాడాయన.

చెరపలేదు. కోడలిని పిలిచాడు. "ఆయన దిద్దుకునే దారి ఏదైనా ఉందా?"

"ఉంది. మూట మూటలాగే ఉంటుంది. ప్రోగ్రాము పక్కన ఒక ఖాళీ ఫోల్డరు పెడతాను. ఏ బొమ్మ కావాలన్నా ముందు ఆ ఫోల్డరులో వెతుకుతుంది. ఆ నంబరుతో బొమ్మ ఉంటే అదే చూపిస్తుంది. లేకపోతే మూటలోది తీస్తుంది."

"అంటే ఎవరైనా మార్చేయొచ్చు."

"ఎవరైనా."

"మరి తాళం?"

"తాళం దొంగకు వేశారా, మేస్త్రీగారికి వేశారా? ముందది తేల్చండి మావయ్యా."

షావుకారు పళ్ళెంలో మరలను వేలితో అటూ ఇటూ జరిపాడు. ఏరడానికి అక్కడ ఏమీ మిగల్లేదు, అన్నీ ఎప్పుడో ఏరేసినవే. "పెట్టు," అన్నాడు.

శనివారం మేస్త్రీ దర్జీ దగ్గరికి వెళ్ళి మిషను బాగుచేసి వచ్చాడు. బొమ్మ గీశాడో లేదో చెప్పలేదు. షావుకారు అడగలేదు. సోమవారం రమ్మని మాత్రం అడిగాడు. "వస్తాను. తప్పు నా గుర్తు మీదుంది కదా," అన్నాడు మేస్త్రీ.

సోమవారం నేర్చుకునేవాళ్ళంతా గదిలో ఉన్నారు. పక్క గదిలో టీచరమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పొచ్చునని షావుకారుకు తోచింది. అయితే శుక్రవారం అబద్ధం ఇరవై మంది ఎదుట చెప్పాడు. ఎక్కడ ఇచ్చిన చెల్లని సరుకు అక్కడే వెనక్కి తీసుకోవాలి.

"ఫ్యాక్టరీ మిషను సూది బొమ్మ మేస్త్రీ గీయలేదండీ," అన్నాడు నిలబడి. "చూడకుండా గీయనన్నాడు. ఇంటి మిషనుది తీసి నేనే అక్కడ పెట్టించాను. ఆయన చూపుకేం లేదు. నేను చెప్పింది అబద్ధం."

మేస్త్రీ కిటికీ వైపు చూస్తున్నాడు.

"మిగతావి?" అంది టీచరమ్మ.

"మిగతావన్నీ ఆయనవి. ఏదైనా తెరవండి. కింద మూల నూనె డబ్బా ఉంటుంది. దాని ముక్కు ఎటు వంగితే నూనె అక్కడ వెయ్యాలి. మూతుంటే వెయ్యకూడదు. మిషను విప్పి చూసుకోండి."

మేస్త్రీ తల తిప్పాడు. "మీకదెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం సాయంత్రం."

"పదకొండు నెలలకు," అన్నాడు మేస్త్రీ. నల్ల గాజుల ఆవిడ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు.

టీచరమ్మ నవ్వలేదు. ఆమె తన పద్ధతిలో సరిచూసుకుంది. మూడు భాగాల పేర్లు చెప్పి మూడు మిషన్లు విప్పించింది. బొమ్మ పక్కన భాగం పెట్టి, టేపు వదిలేసి చిన్న స్కేలుతో కొలిచింది. మూడూ సరిపోయాయి. నాలుగోది తనే విప్పింది. అదీ సరిపోయింది.

అప్పుడు మేస్త్రీ సంచీలోంచి కాగితం తీశాడు. శనివారం గీసిందే, కానీ ఇక్కడి మిషను ముందు కూర్చుని మళ్ళీ పోల్చుకున్నాడు. సూది గాడి దగ్గర ఒక గీత సన్నం చేశాడు. కేంద్రం ఆఫీసులో దాన్ని స్కాను చేశారు. కోడలు పంపిన కొత్త ప్రోగ్రాము పక్కన ఖాళీ ఫోల్డరు ఉంది. నల్ల గాజుల ఆవిడ బొమ్మకు నంబరు పేరు పెట్టి అందులో వేసింది. ప్రోగ్రాము మూట విప్పుకునేంత సేపు అందరూ తెరనే చూశారు. సూది వచ్చింది, గుండ్రటి తలతో, బాణం ఎడమ నుంచి కుడికి.

"మిగతావాటి మీద గుర్తు తీసేయమన్నావు," అని షావుకారు మెల్లగా అడిగాడు.

"ఉండనివ్వండి. చెరిపితే నూనె ఎక్కడ వెయ్యాలో వీళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రీ.

టీచరమ్మ సరేనంది. రెండు షరతులు పెట్టింది. దిద్దుబాట్ల ఫోల్డరు కేంద్రంలో ఉంటుంది, అందులో ఏది వెయ్యాలన్నా మేస్త్రీ ఒప్పుకోవాలి, షావుకారు కాదు. మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు మేస్త్రీ వచ్చి పాఠం చెప్పాలి. "మీరు పంపుతారా?" అని ఆమె షావుకారును అడగలేదు. "మీకు వీలవుతుందాండీ?" అని మేస్త్రీని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, వీలవుతుందన్నాడు.

బుధవారం పొద్దున ఒక దర్జీ దుకాణానికి వచ్చి దారం బిగువు పట్టే టెన్షను స్ప్రింగు అడిగాడు. షావుకారు చూడకుండానే వెనక డబ్బాలోంచి ఒకటి తీసి గల్లా మీద పెట్టాడు.

"అది కాదండీ," అన్నాడు మేస్త్రీ బల్ల దగ్గర నుంచి, తలెత్తకుండానే. "అది పాత రకందానిది. ఈయన మిషనుకు చుట్లు రెండు తక్కువుండాలి. మీరు పొరబడ్డారు."

దర్జీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. షావుకారు స్ప్రింగు వెనక్కి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చుట్లు లెక్కపెట్టాడు. రెండు ఎక్కువే ఉన్నాయి. డబ్బా మార్చి సరైనది ఇచ్చాడు.

దర్జీ వెళ్ళాక కూర్చుని ఆ వారం లెక్క చూసుకున్నాడు. పోయినవి: బొమ్మలకు వేసిన తాళం, మేస్త్రీవి వారానికి రెండు పూటలు, ఇరవై మంది ఎదుట కాస్త పరువు. వచ్చినవి: కేంద్రం, దాంతో దుకాణం. ఇంకా ఒకటి ఉంది. దాన్ని ఏ వైపు వెయ్యాలో ఆయన కాసేపు తేల్చుకోలేకపోయాడు. మేస్త్రీ పాతవాడే, ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గరున్నవాడే. కానీ ఇన్నేళ్ళలో గిరాకీ ఎదుట ఒక్కసారీ "అది కాదండీ" అనలేదు. తను చేసిన తప్పులన్నీ ఆ నోట్లోనే ఎన్నేళ్ళు ఉండిపోయాయో మరి. చివరికి దాన్ని కూడా వచ్చినవాటి కింద, కేంద్రం కంటే పైన వేసుకున్నాడు.